మూడో పిలుపు దాకా

మంగళవారం పొద్దున గంగామణి పెరట్లో ముఖం కడుక్కుని వచ్చేసరికి, ఆమె ఇంటి తలుపు ఆమెను గుర్తుపట్టడం మానేసింది.

మానేసిందే గాని మర్యాద తప్పలేదు. "మీ ఆరంకెల నంబరు చెప్పండి," అంటుంది తలుపు. ఇరవై రెండేళ్ళుగా పండగపండక్కీ ఆమె చేత పసుపు రాయించుకున్న గడప కూడా ఏమీ ఎరగనట్టు చూస్తుంది. తలుపుకు నోరుండటం గంగామణికి వింతగా తోచదు. ఇంటి తలుపు తనను "మీ" అనడమే ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది? బియ్యం ఇచ్చేచోట అడుగుతున్నారు. గ్యాసుబండ తెచ్చేవాడు అడుగుతున్నాడు. ఆస్పత్రిలో చీటీ రాసేచోట, జ్వరం ఎంతుందో అడిగేముందు నంబరే అడుగుతున్నారు. ఊరంతా అడిగాక తలుపు మాత్రం ఎన్నాళ్ళని ఓపిక పడుతుంది?

చిక్కేమిటంటే, ఆ నంబరు గంగామణికి రాదు. మూడిళ్ళ అవతల ఉన్న వనజ ఫోనుకు వస్తుంది.

ఎందుకు వస్తుందో చెప్పాలి. మెట్‌పల్లిలో ఆ గల్లీ ఆడవాళ్ళంతా బీడీలు చుడతారు. అక్కడ ఒకరి కార్ఖానా కార్డు మీద ఇంకొకరు చుట్టడం తప్పు కాదు, చేబదులుగా చారెడు ఉప్పు ఇచ్చినంత మామూలు. వనజ కానుపుకు పుట్టింటికి పోయిన నాలుగు నెలలూ ఆమె కార్డు మీద చుట్టింది గంగామణే. కార్ఖానాలో మున్షీ కార్డు చూసి "వనజా!" అని కేకేస్తే, "ఓ" అని పలికిందీ గంగామణే. మున్షీకి తెలుసు, వెనక నిలబడ్డవాళ్ళకు తెలుసు, గోడ మీది బల్లికి కూడా తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

అలాంటి గల్లీలోకి ఒకనాడు పేర్లు రాసుకునేవాళ్ళు పెట్టె పట్టుకుని వచ్చారు. ఫోను నంబరు చెప్పమన్నారు. గంగామణికి అప్పట్లో ఫోను లేదు, వనజ నంబరు చెప్పింది. తరవాత వేలు పెట్టమన్నారు. ముప్పై ఏళ్ళు తునికాకూ దారమూ తిప్పి తిప్పి గంగామణి బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ వేలు నున్నటి గులకరాయి. పెట్టె ఎర్రలైటు వేసి కాదంది, మళ్ళీ కాదంది. వనజది ఎడమచేతి వాటం. ఆమె కుడి బొటనవేలు పనికి దూరంగా ఉండి, నిన్నగాక మొన్న పెళ్ళయినదాని వేలులా గీతగీతా నిండుగా ఉంది. అందుకని గంగామణి పేరు మీద వనజ వేలు పెట్టారు.

పెట్టమన్నది గంగామణే. "నీ వేలైతేంది, నా వేలైతేంది?" అంది. పెట్టె పచ్చలైటు వేసింది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఇప్పుడు గంగామణి తడిముఖంతోనే మూడిళ్ళు దాటి వెళ్తుంది. వనజ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. ఫోను చాటలోనే, ఆకుల మధ్య ఉంది.

"మా తలుపు నంబరు అడుగుతున్నదే," అంటుంది గంగామణి.

"మీది సుత అడుగుతున్నదా?" అంటుంది వనజ. ఫోను చూసి చదువుతుంది. "నాలుగు, సున్న, తొమ్మిది, తొమ్మిది, రెండు, ఒకటి. జల్ది పో. పది నిమిషాలే అంట."

దుకాణానికి పంపిన చిన్నపిల్లలా ఆ అంకెలు గొణుక్కుంటూ గంగామణి పరుగెత్తి వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. "స్వాగతం, గంగామణి గారూ," అంటుంది. ఎవరి ఇంటికి ఎవరు స్వాగతమో ఆలోచించే తీరిక ఆమెకు లేదు, పొయ్యి మీద ఏమీ పెట్టలేదు.

పొయ్యి నంబరు అడుగుతుంది.

ఈసారి వనజ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య పదకొండు ఇళ్ళున్నాయి. కొత్త ఇళ్ళ ముందు పాతబడిన ముగ్గులున్నాయి, దండేల మీద ఎవరివో చీరలు ఆరుతున్నాయి. మంచినీళ్ళ బిందె మూత అడిగేసరికి పందొమ్మిది ఇళ్ళవుతాయి, మధ్యలో ఒక కటింగుషాపు కూడా వెలుస్తుంది. గంగామణి రొప్పుతూ వస్తుంది.

"గల్లీ పెరుగుతున్నదే వనజా."

"పెరగదా మరి? మనం పెరగలేదా?" అంటుంది వనజ. అంకెలు చదువుతుంది గాని, ఈసారి తలెత్తదు.

గంగామణి అద్దం ముందు నిలబడుతుంది. అద్దం నంబరు కూడా అడగదు. ఫొటో లేనివాళ్ళకు పెట్టే బూడిదరంగు తలకాయ ఒకటి చూపిస్తుంది, కళ్ళూ ముక్కూ లేనిది. ఆ తలకాయ నుదుటి చోటు చూసి గంగామణి బొట్టు పెడుతుంది. బొట్టు జారి కింద పడుతుంది. మళ్ళీ పెడుతుంది. మళ్ళీ జారుతుంది. వదిలేసి వెళ్ళి భర్తకు అన్నం వడ్డిస్తుంది.

భూమయ్య నెమ్మదైన మనిషి. మగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్ళు పని చేసి చేసి, ఇంట్లో గట్టిగా మాట్లాడటం మరిచిపోయాడు. కంచం ముందు కూర్చుని ఆమె వంక చూసి అంటాడు, "నంబరేది?"

"నేనేనయ్యా."

"నువ్వే అని నువ్వే చెప్తే ఎట్ల? ఇంకెవలన్న చెప్పాలె గద."

"పెండ్లినాడు అడగకపోతివి?"

"పెండ్లినాడు పంతులు చెప్పిండు గద," అంటాడు భూమయ్య. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అతనికి జాలి కూడా వేస్తుంది. లేచి ఇంకో కంచంలో అన్నం, పప్పు, ఒక పచ్చిమిరపకాయ పెట్టి, గడప బయట పెడతాడు. ఆకలితో వచ్చిన పరాయిదానికి ఎలా పెట్టాలో అలాగే పెడతాడు. తరవాత ఆమె గడప దాటగానే తలుపు వేసుకుంటాడు.

ఆ కంచం చూసి గంగామణికి ఏడుపొస్తుంది. అన్నం మెతుకు ముట్టకుండా మళ్ళీ బయల్దేరుతుంది.

ఇప్పుడు గల్లీ ఎంత పొడుగైందంటే, ఆమె ఇంటి దగ్గర పొద్దున తొమ్మిదైతే వనజ ఇంటి దగ్గర సాయంత్రం నాలుగైంది. దారిలో రెండుచోట్ల చెప్పులు తెగుతాయి. వనజ అక్కడే ఉంది, అదే అరుగు, అదే చాట. ఫోను టింగుమంటుంది.

"వచ్చింది," అంటుంది వనజ. "గని ఎవలకు చెప్పొద్దని రాసున్నది."

"ఇన్నాళ్ళు రాసిలేదు గద?"

"ఇయ్యాల చదివిన."

"నాకు సుత చెప్పొద్దా?"

వనజ ఆలోచిస్తుంది. నిజంగానే ఆలోచిస్తుంది, చెయ్యి కూడా ఆపుతుంది. "ఎవలకు అంటే, నువ్వు సుత ఎవలన్నట్టే గద," అంటుంది.

తమాషా చేస్తోందనుకుని గంగామణి నవ్వబోతుంది. వనజ నవ్వదు. మూడిళ్ళ అవతలి మనిషి, మూడు పూటలా ఒకే చాటలో ఆకు కత్తిరించిన మనిషి. కంచే చేను మేస్తే చెప్పుకోవడానికి ఎవరున్నారు? గంగామణి కంచెతోనే చెప్పుకుంటుంది. "వనజా, నా ఇల్లే. భూమయ్య తలుపేసిండు."

"దారి పొడుగున్నది, పొద్దుండంగ పో," అంటుంది వనజ.

తిరుగుదారిలో కటింగుషాపు దగ్గర ఒక మీసాలాయన ఎదురవుతాడు. ఆమెను చూసి నమస్కారం పెడతాడు. "నేను గంగామణిని," అంటాడు. "పూనాల ఉంట. మీరు?"

"నేను సుత గంగామణినే," అంటుంది ఆమె.

మీసాలాయన జేబులోంచి చీటీ తీసి చూపిస్తాడు. అందులో ఆమె పుట్టినరోజు ఉంది, ఆమె తండ్రి పేరు ఉంది, వనజ బొటనవేలి ముద్ర ఉంది. "మీ దగ్గర ఏమున్నది?" అని అడుగుతాడు, వెక్కిరింతగా కాదు, తెలుసుకుందామని. గంగామణి తన బొటనవేలు చూపిస్తుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూస్తాడు. "ఇందుల ఏం లేదమ్మా," అంటాడు.

ఆయన వెనక ఇంకా ఉన్నారు. ఒకామె సల్వారులో, ఇంకొకామె టోపీ పెట్టుకుని, ఒక ముసలాయన చంటిపిల్లను ఎత్తుకుని. అందరూ గంగామణులే. చంటిపిల్ల కూడా. ఎవరి దారిన వాళ్ళు కొత్త ఇళ్ళలోకి వెళ్తున్నారు, తలుపులు నంబరు అడక్కుండానే తెరుచుకుంటున్నాయి. వాళ్ళంతా నడిచేటప్పుడు ఎడమకాలు కొంచెం ఈడ్చడం చూసి ఆమెకు తన నడకేనని తెలుస్తుంది.

తన తలుపు ముందుకు చేరి, గంగామణి చేతులు జోడిస్తుంది. "నంబరు లేదు. ఇంకో తొవ్వ లేదా?"

తలుపు కొంచెం సేపు లోపల్లోపల గిరగిరా తిరుగుతుంది. "ఉంది," అంటుంది. "మీకు తప్ప ఎవరికీ తెలియని ఒక మాట చెప్పండి. మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది?"

అప్పుడు గంగామణికి పోయిన ప్రాణం తిరిగొస్తుంది. ఇదొక్కటి తనది.

ఆమె తల్లి లచ్చవ్వ, కూతురి నోట అవ్వ. గంగామణికి ముందు ఇద్దరు పిల్లలు పుట్టి, పేరు పెట్టిన నెలలోపే పోయారు. పేరు తెలిస్తేనే కదా యముడైనా పిలిచేది, అనుకుంది లచ్చవ్వ. అందుకని మూడో బిడ్డకు ఊరందరి కోసం గంగామణి అని ఒక పేరు పెట్టి, అసలు పేరు చెవిలో మాత్రమే చెప్పింది. చేటంత చెవులు పెట్టుకుని విన్నా పక్కవాళ్ళకు వినబడదు. తల దువ్వేటప్పుడు పిలిచేది, జ్వరం వస్తే పిలిచేది. ఇంకొకటి కూడా నేర్పింది: "బయట నుంచి ఎవలన్న పిలిస్తే మూడోసారి దాక ఓ అనకు బిడ్డా. మనది కానిదానికి మూడుసార్లు పిలిచే ఓపిక ఉండది." చదువురాని లచ్చవ్వ బిడ్డను కాపాడుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఇప్పటి పెట్టెలకూ లైట్లకూ లేని తెలివి అందులో ఉంది.

ఆ పేరేమిటని నన్నడగకండి. నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు, నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

గంగామణి అటూ ఇటూ చూసి, రెండు చేతులూ దొన్నెలా పట్టి, తలుపు చెక్కకు నోరు ఆనించి ఆ పేరు చెబుతుంది. ఆరేళ్ళయింది ఆ మాట పలికి. పలుకుతుంటే నాలుక మీద కొబ్బరినూనె వాసన తగులుతుంది.

"సరైన మాట," అంటుంది తలుపు. "కాని ఇది పొద్దున ఏడింటికే చెప్పారు. ఒకసారి చెప్పిన మాట మళ్ళీ పనికిరాదు. ధన్యవాదాలు."

గంగామణి మెట్టు మీద కూర్చుంటుంది. అన్నం కంచానికి చీమలు పట్టాయి.

ఆ పేరు లోకంలో ఇద్దరికే తెలియాలి, ఆ ఇద్దరిలో ఒకరు మట్టిలో ఉన్నారు. లచ్చవ్వ పోయిన రోజున గంగామణి ఒకరి ఒళ్ళో తల పెట్టి, "ఇగ నన్ను గా పేరు పెట్టి పిలిచేటోళ్ళే లేరు," అని ఏడ్చింది. "ఏ పేరే?" అని ఆ మనిషి అడిగింది. గంగామణి ఆ మనిషి చెవిలో చెప్పింది. అన్నం మీద ఒట్టు పెట్టించుకుంది కూడా. ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. గుట్టు ఎవరి నోట బయటపడిందో తెలియకుండా ఉంటుందా, తనే తలుపు తీసి కూర్చోబెట్టాక?

ఆమె లేచి నడుస్తుంది. ఈసారి ఎన్నిళ్ళో లెక్క పెట్టదు. కోపం కాళ్ళలోకి దిగితే దారి దగ్గరవుతుందంటారు గాని అవదు. ఎండ తల మీద నుంచి వీపు మీదికి, వీపు మీద నుంచి మడమల మీదికి జారుతుంది.

వనజ అరుగు చుట్టూ జనం ఉన్నారు, మీసాలాయన ముందున్నాడు. వనజ కొత్త ఆకు తీసుకుంటూ ఉంటుంది. చాటలో తంబాకు లేదు. చాటలో గంగామణి ఉంది.

ఎండి, పొడై, కుప్పగా ఉంది. వనజ చిటికెడు తీసి ఆకులో పరుస్తుంది. అది గంగామణికి బల్లులంటే ఉన్న భయం. చుట్టి, దారం కట్టి, మూతి మడిచి పక్కన పెడుతుంది. ఇంకో చిటికెడు తీస్తుంది. అది నాలుగో తరగతిలో బడి మానేసిన రోజు. ఎడమ మోకాలి కింది పుట్టుమచ్చ. ఆకులు ఏరుతూ ఆకులతోనే మాట్లాడే అలవాటు. ఏడో నెలలో పోయిన బిడ్డ గురించి, భూమయ్యకు కూడా చెప్పకుండా వనజకు ఒక్కదానికే చెప్పిన మాటలన్నీ, వాటికి రెండు ఆకులు పడతాయి. చుట్టడం మాత్రం ఎంతో నేర్పుగా ఉంది. ఆ మూతి మడత వనజకు నేర్పింది గంగామణే. కట్ట కట్టి పైన చుట్టిన కాగితం మీద బూడిదరంగు తలకాయ బొమ్మ ఉంది.

"నా పేరు చెప్పినవా?" అంటుంది గంగామణి.

"అడిగిండ్రు," అంటుంది వనజ, చుడుతూనే.

"ఎవలు?"

"ఫోన్ల ఒక పిల్ల. మస్తు తియ్యగ మాట్లాడతది. మీరు గంగామణేనా అంటది. కాదంటి. తెల్లారి మళ్ళ చేసె, మీరు గంగామణేనా అని. దినాం చేసె. ఎన్నిసార్లని కాదంటనే? ఒకనాడు ఔనన్న." వనజ ఇప్పుడు తలెత్తి చూస్తుంది. "ఔనన్నంక ఎంత మంచిగ అడిగిందనుకున్నవ్? మీకు ఏమంటే ఇష్టం, ఏమంటే భయం, ఎప్పుడు ఏడుస్తరు అని. నన్ను ఎవలన్న అడిగిండ్రా గట్ల? ఇరవై ఏండ్లల్ల నువ్వడిగినవా?"

నిజమే, చెప్పుకోవడం తప్ప అడగడం గంగామణికి ఎన్నడూ తోచలేదు. కాని నిజమైనంత మాత్రాన గుండె మండటం ఆగుతుందా?

"నీయి చెప్పకపోయినవా? నీ భయాలు లెవ్వా?"

"చెప్పిన. నాయి చెప్తే తప్పు అన్నది. నీయి చెప్తే సరి అన్నది."

"అన్నం మీద ఒట్టేసినవ్ గదనే!"

"ఒట్టేసింది వనజ," అంటుంది వనజ.

గంగామణి చాట మీద పడి రెండు చేతులా కుప్పను దగ్గరికి లాక్కుంటుంది. గులకరాళ్ళలాంటి వేళ్ళ సందుల్లోంచి పొడి జారిపోతుంది. వనజ వెనక్కి లాక్కోదు, కొట్టదు. "నలిగితే బీడీ సరిగ రాదే," అంటుంది ఓపికగా. "నాకు నువ్వే చెప్పినవ్."

మీసాలాయన ఒక కట్ట విప్పుతాడు. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టి నలిపి చూసి, అగ్గిపుల్ల గీస్తాడు. లోపలికి పీల్చి, గుక్క పట్టి, వదులుతాడు. పొగ గాల్లో రెండు మెలికలు తిరిగి, ఆగి, ఆమెను పిలుస్తుంది.

ఆ పేరుతోనే పిలుస్తుంది. లచ్చవ్వ గొంతుతో, దువ్వెన చేత్తో పట్టుకుని, రమ్మని పిలిచినట్టు.

గంగామణి కాళ్ళు వాటంతట అవే ఒక అడుగు వేస్తాయి. ఓ అనబోయి పెదాలు బిగబట్టుకుంటుంది. అవ్వ చెప్పింది, మూడోసారి దాకా అనకూడదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా నోరు తెరవదు.

పొగ రెండోసారి పిలుస్తుంది. ఈసారి ఇంకా మెత్తగా, జ్వరం నాటి గొంతుతో. గంగామణి కొంగు నోట్లో కుక్కుకుంటుంది. ఆరేళ్ళు ఆగినదానికి ఇంకొక్క పిలుపు ఎంత? ఇంకొక్కటి పిలిస్తే అది అవ్వే. అవ్వకు తెలుసు తన బిడ్డ ఎవరో. అవ్వకు నంబరు అక్కర్లేదు.

పొగ మూడోసారి పిలుస్తుంది.

గంగామణి కొంగు లాగి నోరు తెరుస్తుంది.

"ఓ," అంటుంది వనజ. బీడీ మూతి మడుస్తూ, కార్ఖానాలో కార్డుకు పలికినట్టు పలుకుతుంది. ఆమె వెనక మీసాలాయన "ఓ" అంటాడు. సల్వారామె అంటుంది, ముసలాయన అంటాడు, గల్లీ పొడుగునా వందల అరుగుల మీద గంగామణులందరూ ఒకరి తరవాత ఒకరు అంటారు. చంటిపిల్ల కూడా అంటుంది. చిట్టచివర గంగామణి అంటుంది. అప్పటికి చాలా ఆలస్యమైంది.

పొగ ఆమె భుజం పక్కగా దాటి వెళ్ళి వనజ వెనక అరుగు మీద కూర్చుంటుంది. బాసింపట్టు వేసుకుంటుంది. అది లచ్చవ్వే, అదే ముక్కుపుడక, అదే వంగిన నడుము. వనజ కొప్పు ఊడదీసి, పాయలు విడదీసి, చెవి దగ్గరికి వంగి ఆ పేరుతో పిలుస్తూ పేలు చూడటం మొదలుపెడుతుంది. వనజ కళ్ళు మూసుకుంటుంది. ఆమె బుగ్గల మీద నీళ్ళు, గంగామణి ఏడ్చినప్పుడు కారే తోవలోనే కారుతున్నాయి.

"అవ్వా," అంటుంది గంగామణి. "నేనే అవ్వా."

లచ్చవ్వ తలెత్తి చూస్తుంది. ఎండనబడి వచ్చినవాళ్ళను చూసినట్టు దయగానే చూస్తుంది. "కూసో బిడ్డా," అంటుంది. "ముందుగాల నీ నంబరు చెప్పు."

వనజ ఒళ్ళో ఫోను టింగుమంటుంది. వనజ కళ్ళు తెరిచి, ఎడమచేత్తో ఫోను తీసి, ఆరంకెలూ చూసి, తునికాకుల మీద దాన్ని బోర్లా పెడుతుంది.